1711 నంబరు డబ్బా

ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఒక మాల్‌గాడీ పట్టాలెక్కింది. ఎక్కిన ప్రతిసారీ పడింది కూడా.

మా చిన్నవాడికి పన్నెండేళ్లు. వాళ్ల మామూ దుబాయ్ నుంచి వస్తూ వాడికి బొమ్మ రైలు సెట్టు తెచ్చాడు. ఒక ఇంజన్, నాలుగు గూడ్సు డబ్బాలు, గుండ్రంగా తిరిగే పట్టాలు. హాల్లో దస్తర్‌ఖాన్ వేసే చోట పట్టాలు పరిచాం. మూడో డబ్బా మలుపు రాగానే లోపలి వైపు ఒరిగి, వెనకున్న దాన్ని కూడా లాక్కుని పడిపోయేది. "ఇంజన్ ఖరాబ్ అబ్బా, మార్పిద్దాం" అన్నాడు వాడు.

నేను గుంతకల్‌లో పుట్టి పెరిగినవాణ్ని. మా అబ్బా గూడ్స్ యార్డులో ఖలాసీగా చేశారు. ఆయన ఎప్పుడూ ఒకటే అనేవారు: "లోకం ఇంజన్నే చూస్తుంది. బండి నడవాలంటే మాత్రం డబ్బా దురుస్తుగా ఉండాలి." ఆ మాట గుర్తొచ్చి ఇంజన్‌ని పక్కన పెట్టాను. వంటింటి తరాజు తెచ్చి డబ్బాని తూచాను.

ఈ షౌక్ ఉన్నవాళ్లకి బొమ్మ డబ్బా వజన్‌కి ఒక లెక్క ఉంది. అమెరికాలో 1935లో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పెట్టిన లెక్క అది. మా దగ్గరున్న సైజుకి ముందు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. మా డబ్బా పొడవు ఆరు అంగుళాలు కాబట్టి నాలుగు ఔన్సులు, అంటే దాదాపు 113 గ్రాములు ఉండాలి. తూస్తే అందులో సగమే ఉంది. ముందూ వెనకా బరువైన డబ్బాలుండి మధ్యలోది తేలికైతే, మలుపులో ఆ లాగుడికి అది లోపలికి పడిపోతుంది. తప్పు ఇంజన్‌ది కాదు.

పైకప్పు ఊడదీసి, లోపల నేల మీద ఇనుప వాషర్లు అంటించాం. బరువు ఎంత కిందుంటే డబ్బా అంత నిలకడగా ఉంటుంది. తర్వాత చక్రాలు చూశాం. ఇరుసు మీద రెండు చక్రాల లోపలి అంచుల మధ్య 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక జత బాగా దగ్గరగా ఉంది, పట్టాలు చీలే చోట ఎక్కి దిగేది. ప్లాస్టిక్ చక్రాలు తీసి లోహపువి వేశాం, కొక్కేలు ఒకే ఎత్తుకి తెచ్చాం. ఆ రోజు మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా బండి ఒక్కసారి కూడా పడలేదు. మావాడి ముఖం చూడాలి మీరు!

ఈ షౌక్‌కి పెద్ద తారీఖే ఉంది. మొదట్లో బొమ్మ రైళ్లు చేసే ప్రతివాడిదీ ఒక కొలత. ఒకడి డబ్బా ఇంకొకడి పట్టాల మీద నడిచేది కాదు. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో మెర్క్లిన్ కంపెనీ నిర్ణీత కొలతల పట్టాలు, బండ్లు పెట్టింది. అప్పటి నుంచి పిల్లవాడు ఈ ఈద్‌కి ఒక డబ్బా, వచ్చే ఈద్‌కి ఇంకో డబ్బా కొనుక్కుని బండిని పెంచుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లు తెచ్చాడు. ఆ తర్వాత ఇళ్లు ఇరుకై బొమ్మలూ చిన్నవయ్యాయి. ఇప్పుడు ఎక్కువగా నడిచేది అసలు బండిలో 87వ వంతు ఉండే సైజు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు.

మనవాళ్లకి ఇక్కడే ఒక ఇబ్బంది. ఆ 16.5 లెక్క యూరప్ పట్టాలది. అక్కడ అసలు పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు ఉంటే, మన బ్రాడ్‌గేజ్‌లో 1676. దాన్ని 87తో భాగిస్తే 19 పైన వస్తుంది. అంటే మన గూడ్సు డబ్బాని సరైన కొలతల్లో చేసి ఆ పట్టాల మీద పెడితే ఒళ్లు వెడల్పు, కాళ్లు దగ్గర. అందుకే మన దేశంలో ఈ షౌక్ ఉన్నవాళ్లు చాలామంది విదేశీ డబ్బా కొని, కోసి, అతికి, రంగు మార్చి దేశీ చేసుకుంటారు. కాళ్ల సంగతి చూసీచూడనట్టు వదిలేస్తారు.

మన ముల్క్‌లో అన్నిటికన్నా మషూర్ అయిన బొమ్మ మాల్‌గాడీ గ్వాలియర్‌లో ఉంది. సింధియాల జయవిలాస్ మహల్‌లో దావత్ బల్ల మీద వెండి రైలు. వెనక ఏడు డబ్బాలు, వాటి మీద సింధియా పేరులోని ఏడు ఇంగ్లిషు అక్షరాలు. మెహమానుల ముందు నుంచి మెల్లగా తిరుగుతూ బ్రాందీ, చుట్టలు, మేవా పంచేది. డబ్బాలోంచి గాజు సీసాని ఎవరైనా చేత్తో పైకెత్తితే బండి ఆగిపోతుంది. సీసా తిరిగి పెట్టగానే నడుస్తుంది. మావాడికి ఈ సంగతి చెబితే రెండు రోజులు అదే ధ్యాస. చెయ్యి పెడితే ఆగే డబ్బా మనమూ చేద్దామన్నాడు.

ముందు ఒక డబ్బాని మన దేశపు డబ్బాగా మార్చుదాం అన్నాను. తలుపులున్న మూత డబ్బా ఒకటి తీసుకున్నాం. పాత కాలపు మూత డబ్బాలకి కప్పు కింద, పై భాగంలో గాలి ఆడేందుకు జాలీలుంటాయి. మా బొమ్మకి అవి లేవు. పల్చని ప్లాస్టిక్ కోసి, సన్నని వైరు జాలీ పెట్టి అతికించాం. పాత డబ్బాల ఎర్రమట్టి రంగు వేశాం. రంగు ఆరాక చూస్తే జాలీ రంధ్రాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి. మావాడు సూది పట్టుకుని ఒక్కొక్కటీ పొడుస్తూ కూర్చున్నాడు.

ఇక నంబరు మిగిలింది. ఏ కంపెనీ అక్షరాలు, ఏ నంబరు అన్నది రాస్తేనే గూడ్సు డబ్బాకి ప్రాణం వస్తుంది. మా గుంతకల్ ఒకప్పుడు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది. 1908లో రెండు కంపెనీలు కలిసి అది ఏర్పడింది. బెజవాడ, కడప, గుంతకల్, బళ్లారి అన్నీ దాని పట్టాల మీదే. ఆ కంపెనీ డబ్బా నంబరు అసలుది ఒక్కటైనా దొరికితే వేద్దామని రాత్రి కూర్చుని వెదికాను. దొరికింది. 1711. లగేజీ వ్యాన్.

ఆ పేజీ చదివి లైటు ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వ్యాగన్ ట్రాజెడీ గురించి నాకు తెలుసు. జర్నలిస్టుని, నవంబరు వస్తే రెండు పేరాలు రాసినవాణ్నే. కానీ ఆ డబ్బా ఏ కంపెనీదో, నంబరేమిటో ఎప్పుడూ చూడలేదు. అది మా ఊరి కంపెనీది. ఖైదీలను పంపింది బళ్లారికి. గుంతకల్ నుంచి బళ్లారి నాకు గంట ప్రయాణం, మా ఫుప్పు ఇల్లు అక్కడే.

1921 ఆగస్టులో మలబార్‌లో మాపిళ్ల ముస్లింలు తిరగబడ్డారు. ఒక పక్క ఖిలాఫత్ జోష్, ఇంకో పక్క కౌలు రైతుల మీద తరాలుగా సాగిన జుల్మ్. ఆ బగావత్‌లో హిందూ కుటుంబాల మీద దాడులు, ఖతల్, జబర్దస్తీగా మతం మార్పించడం కూడా జరిగాయి. అది మనం దాచకూడదు. దాస్తే మనం చెప్పే మిగతా నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. సర్కార్ మార్షల్ లా పెట్టింది. వేలమందిని పట్టుకుంది. దగ్గరి జైళ్లు నిండిపోయి ఖైదీలను దూరపు జైళ్లకు పంపసాగింది, అదీ సామాను డబ్బాల్లో.

నవంబరు 19 సాయంత్రం తిరూర్ స్టేషన్లో 1711లోకి వంద మందిని ఎక్కించి తలుపు బిగించారు. ఎక్కువమంది మాపిళ్లలు, కొందరు హిందువులు. కాపలాగా వచ్చిన సార్జెంటు, కానిస్టేబుళ్లు వేరే డబ్బాలో కూర్చున్నారు. ఆ వ్యాన్‌కి జాలీలు లేక కాదు. కొత్తగా రంగు వేశారు. రంగూ దుమ్మూ కలిసి జాలీ రంధ్రాలు మూసుకుపోయాయి. లోపలికి హవా రాలేదు. నీళ్లకి అరిచారు, ఊపిరికి అరిచారు. బండి దారిలో స్టేషన్లలో ఆగింది. తలుపు మాత్రం ఎవరూ తీయలేదు. అర్ధరాత్రి దాటాక, కోయంబత్తూరు దగ్గర పోదనూరులో తీశారు. ఐదు గంటలకు పైగా గడిచింది. అక్కడా, ఆ తర్వాతా కలిపి చనిపోయినవారు 70 మంది. చాలా మయ్యత్‌లు తిరూర్‌కే తిరిగొచ్చాయి. కోరంగత్ మసీదు ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు.

మద్రాసు సర్కార్ నాప్ అనే అధికారి కింద విచారణ కమిటీ వేసింది. రంగు, జాలీ సంగతి అందులోనే బయటపడింది. సార్జెంటు మీద కేసు పెట్టారు. శిక్ష పడలేదు.

గ్వాలియర్ బల్ల మీద బండి, తిరూర్ బండి, రెండూ ఆ రాజ్‌లోని మాల్‌గాడీలే. ఒకదాన్ని ఆపడానికి సీసా మీద చెయ్యి వేస్తే చాలు. రెండోదానిలో వంద మంది తలుపు బాదారు. మనుషుల్ని మాల్ లెక్కన ఎక్కిస్తే, డబ్బా బయటున్నవాడికి లోపలి మనిషి చెయ్యి మాల్ కదిలిన చప్పుడుగానే వినిపిస్తుంది. ఆ సార్జెంటు రాక్షసుడై ఉండనక్కర్లేదు. రంగు వేసిన కూలీకి ఏ పాపమూ తెలియదు. సామాను కోసం చేసిన డబ్బాని మనుషులకి వాడొచ్చని కాగితం మీద సంతకం చేసినవాడు ఒకసారి వచ్చి ఆ జాలీ కేసి చూడలేదు. నాకు అర్థమైన జుల్మ్ అది.

ఆ నిజం మీద మళ్లీ రంగు పడుతోంది. 2018లో తిరూర్ స్టేషన్ గోడ మీద వ్యాగన్ ట్రాజెడీ చిత్రం వేశారు, అభ్యంతరాలు రాగానే తీసేశారు. 2021లో భారత చరిత్ర పరిశోధనా మండలి వేసిన కమిటీ మలబార్ బగావత్‌కి చెందిన 387 పేర్లను షహీద్‌ల నిఘంటువు నుంచి తీసేయమని సిఫారసు చేసింది. తిరూర్ వ్యాగన్‌లో పోయినవారి పేర్లూ వాటిలో ఉన్నాయి. బగావత్‌లో ఎవరు ఏం చేశారన్న బహస్ జరగాల్సిందే, జరగనివ్వండి. మూసిన డబ్బాలో ఊపిరాడక పోయినవాడు ఏ తీర్పుతో పోయాడో మాత్రం ఎవరైనా చెప్పాలి.

మర్నాడు ఫజర్ తర్వాత మావాడు అడిగాడు. "నంబరు దొరికిందా అబ్బా?"

అబద్ధం చెబుదామా అనిపించింది. ఏదో ఒక నంబరు చెప్పేస్తే అయిపోయేది. సెలవులు, బొమ్మ, పన్నెండేళ్ల పిల్లవాడు. మన ఇళ్లల్లో పిల్లలకి ఇలాంటివి చెప్పడానికి భయపడతాం. కడుపులో నఫ్రత్ పెరుగుతుందేమోనని కొందరు, స్కూల్లో మాట్లాడి ఇబ్బంది తెచ్చుకుంటారేమోనని కొందరు. నాకూ ఆ భయం ఉంది. అయినా చెప్పాను. నేను చెప్పకపోతే ఫోన్లో ఇంకెవరో చెబుతారు, అందులో సగమే ఉంటుంది. దాడుల సంగతి చెప్పాను, డబ్బా సంగతి చెప్పాను, అందులో హిందువులూ ఉన్నారని చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. "స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లకి వినపడలేదా?"

నా దగ్గర జవాబు లేదు. వినపడి ఉంటుంది బేటా అన్నాను.

1711 అని ఆ బొమ్మ మీద రాయలేదు. తిప్పుకుని ఆడుకునే దాని మీద ఆ నంబరు వేయడానికి నాకు మనసు రాలేదు, వాడూ అడగలేదు. డబ్బా ఇప్పుడు నంబరు లేకుండానే తిరుగుతోంది. మేం బిగించి అతికించిన తలుపుని వాడు కత్తితో కోసి, జరిగేలా చేశాడు. కోత వంకరగా వచ్చింది. తలుపు సగమే తెరుచుకుంటుంది. బాగుచేస్తానంటే వద్దన్నాడు, తనే చేసుకుంటాడట.

నవంబరు 19 వస్తే మీ ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ కహానీ పూరాగా చెప్పండి, సగం దాచకుండా. ఆ రాత్రి పోయిన వాళ్లందరి కోసం దువా చేయండి. అల్లాహ్ వారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.