కాంతితో కోత: నాభి, సామర్థ్యాల చరిత్ర

భూతద్దాన్ని ఎండలో పట్టి కాగితాన్ని కాల్చడం పిల్లలందరికీ తెలిసిన వినోదమే. అద్దాన్ని కాగితానికి మరీ దగ్గరగా పట్టినా, మరీ దూరంగా పట్టినా కాగితం కొంచెం వెచ్చబడుతుందే గాని అంటుకోదు. ఒకానొక దూరంలో మాత్రం వెలుగుమచ్చ చిన్న చుక్కగా మారి, ఆ చోటునుంచి పొగ లేస్తుంది. అద్దం మీద పడే ఎండ ఎప్పుడూ ఒక్కటే. మారినదల్లా ఆ ఎండ పరుచుకొన్న వైశాల్యం. నేడు ఉక్కు రేకులను సైతం కోస్తున్న లేజరు యంత్రాలకు మూలసూత్రం ఈ చిన్న సంగతిలోనే ఉన్నది.

ఎండను ఒకచోటికి చేర్చి పదార్థాలను కాల్చే ప్రయత్నాలు పాతవే. 1772లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే తన సహచరులతో కలిసి పెద్ద కటకం సాయంతో వజ్రాన్ని కాల్చాడు. ఐతే ఎండతో చేసే ఈ పనికి ఒక హద్దు ఉన్నది. సూర్యుడు మనకు చుక్కగా కాక, సుమారు అర డిగ్రీ వెడల్పుగల బింబంగా కనిపిస్తాడు. కావున కటకం ఏర్పరచేది కూడ చుక్క కాదు, చిన్న సూర్యబింబమే. దాని వ్యాసం కటకపు నాభ్యంతరంలో సుమారు 107వ వంతు ఉంటుంది. నాభ్యంతరం 50 మి.మీ. ఐతే బింబం దాదాపు అర మిల్లీమీటరు. అదే నాభ్యంతరంగల కటకాన్ని ఎంత చక్కగా సానపట్టినా సూర్యబింబం అంతకంటె చిన్నది కాదు.

ఈ హద్దును దాటడానికి కొత్తరకం కాంతి కావలసి వచ్చింది. ఉత్తేజిత ఉద్గారం అనే ప్రక్రియ సాధ్యమని 1917లో ఐన్‌స్టైన్ సిద్ధాంతరీత్యా చూపాడు. 1958లో షాలో, టౌన్స్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రక్రియతో కాంతిని వృద్ధి చేసే పద్ధతిని వివరించారు. 1960 మే 16వ తేదీన అమెరికాలోని మాలిబూలో, హ్యూస్ పరిశోధనాలయంలో, థియోడర్ మైమన్ కెంపు కడ్డీనుంచి తొలి లేజరు కాంతిని వెలువరించాడు. లేజరు కిరణంలోని కాంతి దాదాపు సమాంతరంగా పోతుంది. కావున కటకం దానిని చాలా చిన్న చుక్కగా కుదించగలదు. ఎంత చిన్న చుక్కగా అన్నది ముఖ్యంగా కాంతి తరంగదైర్ఘ్యం మీద, కటకం మీద ఆధారపడుతుంది.

కొత్త సాధనం చేతికి వచ్చింది గాని దాని బలాన్ని కొలిచే తీరు ఇంకా కుదరలేదు. ఆ తొలి రోజుల్లో శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన కొలతను వాడారు. క్షౌరానికి వాడే జిల్లెట్ బ్లేడులను ఒకదానిపై ఒకటి పేర్చి, లేజరు స్పందం ఎన్నిటిని తొలుచుకొని పోతే అన్ని ‘జిల్లెట్లు’ దాని బలమని చెప్పేవారు. ఇది హాస్యంగా తోచినా ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. బ్లేడుకు రంధ్రం పడడానికి స్పందంలోని శక్తి ఎంత, అది ఎంత కాలంలో వెలువడింది, కటకం దానిని ఎంత చుక్కగా కుదించింది అన్న మూడూ కారణాలే. ‘జిల్లెట్’ ఈ మూడింటినీ కలిపివేసి ఒకే అంకె చెబుతుంది. కటకాన్ని కాస్త జరిపితే లేజరు మారకుండానే అంకె మారిపోతుంది. లేజరు కోత చరిత్ర అంతా ఈ కలగాపులగాన్ని విడదీసి, దేని పాలు దానికి తెలుసుకోవడమే అని చెప్పవచ్చును.

1965లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారు లేజరును కర్మాగారపు పనికి వినియోగించారు. తీగలు సాగదీయడానికి వాడే వజ్రపు అచ్చులకు సన్నని రంధ్రాలు చేయడం ఆ పని. వజ్రం అన్నిటికంటె కఠినమైన సహజ పదార్థం గనుక, దానిని మామూలు పనిముట్లతో తొలవడానికి చాలా సమయం పడుతుంది. లవోజియే ఎండతో కాల్చిన వజ్రానికే దాదాపు రెండు శతాబ్దాల తర్వాత లేజరు రంధ్రం చేసింది. కాని కెంపు లేజరు కాంతి విడివిడి స్పందాలుగా వెలువడేది. రంధ్రానికి అది చాలును. పొడవైన కోతకు ఎడతెగని ధార కావాలి.

ఆ ధారను సమకూర్చినవాడు భారతదేశంలో పుట్టిన శాస్త్రజ్ఞుడే. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో జన్మించి, పూనాలో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళిన కుమార్ పటేల్, బెల్ పరిశోధనాలయంలో 1964లో కార్బన్ డయాక్సైడు లేజరును కనిపెట్టాడు. మొదట దాని సామర్థ్యం అత్యల్పం. వాయువుకు నైట్రోజన్ చేర్చగా, విద్యుదుత్సర్గంలో ఉత్తేజం పొందిన నైట్రోజన్ అణువులు తమ శక్తిని కార్బన్ డయాక్సైడు అణువులకు అందించాయి. హీలియంను కూడ చేర్చగా వాయువు చల్లబడి పని మరింత సాఫీగా సాగింది. కొద్ది కాలంలోనే సామర్థ్యం వంద వాట్లను దాటింది.

ఈ కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. ఇది పరారుణ కాంతి గనుక కంటికి కనబడదు. మామూలు గాజు దీనిని తనగుండా పోనివ్వదు. అందుచేత తొలినాళ్ళలో పొటాషియం క్లోరైడు వంటి లవణాలతో కటకాలు చేసేవారు. అవి గాలిలోని తేమకు పాడయ్యేవి. తర్వాత జింక్ సెలినైడు కటకాలు వాడుకలోకి వచ్చాయి.

ఇక ఉక్కు సంగతి. చల్లగా ఉన్న లోహం తనపై పడిన ఈ పరారుణ కాంతిలో అధికభాగాన్ని అద్దంవలె తిప్పికొడుతుంది. 1967 మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన ఒక వెల్డింగు పరిశోధన సంస్థలో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ దీనికి ఉపాయం కనుగొన్నాడు. 300 వాట్ల కిరణాన్ని కటకంతో కుదించి, అదే నాజిల్ గుండా ఆక్సిజన్ ధారను కూడ వదిలి 1 మి.మీ. మందంగల ఉక్కు రేకును కోశాడు. వేడెక్కిన ఇనుము ఆక్సిజన్‌తో మండి అదనపు ఉష్ణాన్ని ఇస్తుంది. వాయుధార కరిగిన లోహాన్ని కిందికి ఊదివేస్తుంది. కిరణం చేయవలసిన పని తగ్గుతుంది. ఉత్త సామర్థ్యం పెంచడం వల్ల కాక, సామర్థ్యాన్ని చుక్కగా కుదించి దానికి తోడు కల్పించడం వల్ల ఈ విజయం లభించింది.

నాభి విలువ ఎంతటిదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. 40 వాట్ల కార్బన్ డయాక్సైడు లేజరు కిరణం 5 మి.మీ. వ్యాసంతో వచ్చి, 50 మి.మీ. నాభ్యంతరంగల కటకంపై పడిందనుకొందాము. ఆదర్శ పరిస్థితిలో నాభి వద్ద చుక్క వ్యాసం సుమారు 0.135 మి.మీ. అక్కడ చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.8 లక్షల వాట్ల తీవ్రత ఉంటుంది. నాభినుంచి 1.35 మి.మీ. జరిగితే చుక్క వైశాల్యం రెండింతలై తీవ్రత సగమవుతుంది. 2.7 మి.మీ. జరిగితే తీవ్రత అయిదో వంతుకు పడిపోతుంది. ఆ లోటును సామర్థ్యంతో పూడ్చాలంటే 40 వాట్ల స్థానంలో 200 వాట్లు కావాలి. అప్పటికీ చుక్క వెడల్పుగానే ఉంటుంది గనుక కోత సన్నగా రాదు.

నాభ్యంతరాన్ని 100 మి.మీ. చేస్తే ఏమవుతుంది? చుక్క వ్యాసం రెండింతలై తీవ్రత నాలుగో వంతు అవుతుంది. కాని తీవ్రత సగానికి తగ్గే దూరం 1.35 మి.మీ. నుంచి 5.4 మి.మీ.కు పెరుగుతుంది. కావున పలుచని వస్తువులకు, సన్నని చెక్కడానికి పొట్టి నాభ్యంతరం, మందమైన వస్తువులకు పొడుగు నాభ్యంతరం అనుకూలం.

కంటికి కనబడని కిరణపు నాభిని కనుగొనేదెట్లా? ఇందుకు వాలుపలక పరీక్ష సులభమైనది. 100 మి.మీ. పొడవుగల చెక్కముక్కను ఒక చివర 10 మి.మీ. ఎత్తు ఉండేటట్లు వాలుగా అమర్చి, కటకాన్ని ఒకే ఎత్తులో నడిపి దానిపై గీత గీస్తారు. గీత ఒక చోట అన్నిటికంటె సన్నగా ఉంటుంది. ఆ చోటు పల్లపు చివరనుంచి 40 మి.మీ. దూరంలో ఉంటే, నాభి అడుగు మట్టానికి 4 మి.మీ. ఎత్తున ఉన్నదన్నమాట. ఈ పరీక్షలో సామర్థ్యం తక్కువగా ఉండాలి. ఎక్కువైతే చుట్టూ ఉన్న చెక్క కూడ మాడి, సన్నని చోటు ఏదో తెలియదు.

నాభి స్థిరపడిన తర్వాతనే సామర్థ్యం, వేగం తేల్చాలి. 40 వాట్ల కిరణం సెకనుకు 20 మి.మీ. వేగంతో నడిస్తే ప్రతి మిల్లీమీటరుకు 2 జౌళ్ళ శక్తి అందుతుంది. వేగాన్ని సగం చేస్తే 4 జౌళ్ళు. ఐతే సామర్థ్యం, వేగం రెండూ సగం చేసి అవే 2 జౌళ్ళు ఇచ్చినా కోత ఒకేరీతిగా ఉండదు. నెమ్మదిగా నడిచినప్పుడు వేడి పక్కలకు పాకడానికి వ్యవధి దొరికి అంచులు మాడతాయి. అందుచేత ఒకే ముక్కపై అడ్డువరుసలలో వేగాన్ని, నిలువువరుసలలో సామర్థ్యాన్ని మారుస్తూ చిన్న చతురస్రాలను కోసి చూస్తారు. పూర్తిగా తెగి, అంచు శుభ్రంగా వచ్చిన చతురస్రమే ఆ వస్తువుకు తగిన జోడీని చూపుతుంది. ఆక్సిజన్‌తో ఉక్కును కోసేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. వేగం మరీ తగ్గితే ఇనుము కిరణపు అదుపు దాటి మండి అంచును తినివేస్తుంది.

2000 తర్వాత లోహపు పనిలో తంతు లేజరులు బాగా వ్యాపించాయి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 1 మైక్రాను గనుక చుక్కను ఇంకా చిన్నది చేయవచ్చును. నాభిని తానే సర్దుకొనే యంత్రాలు కూడ వచ్చాయి. అట్లే చిన్న కార్బన్ డయాక్సైడు యంత్రాలు పట్టణాలలో నామఫలకాలు, పెళ్ళి శుభలేఖలు కోయడానికి, కళాశాలల కార్మికశాలలకు చేరాయి. ఇట్టి యంత్రం వద్ద మూత తెరచి పని చేయరాదు. కనబడని కిరణం కంటికి హాని చేస్తుంది. పి.వి.సి. ప్లాస్టికును కోయనే కూడదు. అది హైడ్రోజన్ క్లోరైడు అనే విషవాయువును వెలువరిస్తుంది.

కోత దిగకపోతే చాలామంది ముందుగా చేసే పని సామర్థ్యాన్ని పెంచడం. ఫలితంగా అంచులు మాడతాయి, కటకం వేడెక్కుతుంది, అసలు లోపం మరుగున పడుతుంది. బ్లేడులు లెక్కించిన రోజులనుంచి నేటివరకు అనుభవం చెబుతున్న క్రమం వేరు. ముందు కటకం శుభ్రంగా ఉన్నదా అని చూడాలి. తర్వాత నాభిని కనుగొనాలి. ఆపైన వేగాన్ని, సామర్థ్యాన్ని ఒక్కొక్కటిగా మార్చి ఫలితాన్ని రాసుకోవాలి. ఒకసారికి ఒక్క రాశినే మార్చి తక్కినవాటిని స్థిరంగా ఉంచడమన్నది భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకొనే తొలి నియమం. కర్మాగారంలో ఉక్కును కోసే కిరణానికీ అదే వర్తిస్తుంది.