సముద్రము దాటిన తెలుగు మాట

గోదావరిఖని చుట్టుపట్ల బొగ్గుగనుల ముందు నిలిపిన ఫలకములపై 'గని' యనియో, 'ఇంక్లైను' అనియో వ్రాసి యుండును. లోనికి దిగు కార్మికుడు మాత్రము తాను 'బాయి'కి పోవుచున్నాననును. తెలంగాణపు పల్లెలలో బాయి యనగా నీటి బావి. ఆ నీటితో పారు చేనును కూడ బాయి యనుట వాడుక. రైతు 'బాయికాడికి పోయిండు' అనిన, పొలమునకు పోయెనని అర్థము. అట్టి పొలముల నుండి వచ్చి బొగ్గు పనిలో చేరినవాడు తానెఱిగిన మాటనే ఈ చీకటి గోతికిని పెట్టుకొనెను. ఒక పెద్ద వలస కథ ఆ చిన్న మాటలో ఇమిడి యున్నది.

ఇట్టి మాటలను పనివాని నోట విని, జిల్లా జిల్లాకు పోల్చి, శాస్త్రీయముగ నమోదు చేయు విద్య మన విశ్వవిద్యాలయములలో వేరూనుటకు, 1954లో ఒక యువ తెలుగు ఉపన్యాసకుడు విద్యావేతనముపై అమెరికాకు పోవుట ఒక ముఖ్య కారణము. ఆ ప్రయాణమును గూర్చియు, అట్టి ప్రయాణములకు వీలు కల్పించిన ఏర్పాట్లను గూర్చియు నేడు కొంత ముచ్చటింతును.

విదేశములకు పోయి చదువుట మనకు అప్పటికి క్రొత్త గాదు. సరోజినీదేవి 1895లో నిజాం ప్రభుత్వము ఇచ్చిన వేతనముతోనే ఇంగ్లండుకు పోయినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట, అచ్చట ఉర్దూ మాధ్యమమున చదివిన రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జికి పోయి, తరువాత జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజన్‌బర్గు వద్ద పరిశోధన చేసి, డాక్టరేటుతో మరల ఉస్మానియాకే వచ్చెను. ఆధునిక భౌతికశాస్త్రము పుట్టుచున్న దినములలో దానిని పుట్టించుచున్న వాని చెంతనే కూర్చుండి నేర్చుకొనిన భాగ్యమది. అయినను ఆ వేతనములన్నియు ఒక త్రోవను మాత్రమే ఎఱుగును. విద్యార్థి పోవును, నేర్చును, తిరిగి వచ్చును. అటనుండి నేర్చుకొనుటకు ఇచ్చటికి ఎవరైన రావలెనన్న తలంపు ఆ ఏర్పాటులో లేదు.

ఆ తలంపు రెండవ ప్రపంచయుద్ధము తరువాత వచ్చినది. యుద్ధము ముగియునప్పటికి పెక్కు దేశములలో అమెరికా సైన్యపు సామగ్రి గుట్టలుగ మిగిలిపోయెను. లారీలు, రేకులు, యంత్రములు ఇంటికి చేర్చుకొనుట కంటె అచ్చటనే అమ్ముట సులభము. అట్లు అమ్మగా వచ్చు సొమ్ముతో ఆయా దేశములకును అమెరికాకును మధ్య విద్యార్థుల, ఆచార్యుల రాకపోకలు నడుపవచ్చునని సెనేటరు విలియం ఫుల్‌బ్రైటు ఒక చట్టము ప్రతిపాదించెను. అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1న దానిపై సంతకము చేసెను. మన దేశముతో ఒప్పందము 1950 ఫిబ్రవరి 2న ఢిల్లీలో జరిగినది. మన పక్షమున నెహ్రూ గారును, అమెరికా పక్షమున రాయబారి లాయ్ హెండర్సనును సంతకములు చేసిరి. మరుసటి సంవత్సరము, అనగా 1951లో, కరువు నీడ మన దేశముపై పడినప్పుడు అమెరికా 19 కోట్ల డాలర్లు గోధుమల కొఱకు అప్పుగా ఇచ్చెను. ఆ అప్పుపై మనము చెల్లించు వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు విద్యార్థుల వినిమయమునకును, పుస్తకములకును వినియోగింపవలెనని ఆ చట్టములోనే వ్రాసిరి. తిన్న గోధుమలకు కట్టిన వడ్డీ గ్రంథాలయములలో పుస్తకములై నిలుచుట వింత గదా!

ఇదంతయు కేవల విద్యాదానమని నేననను. అది రెండు అగ్రరాజ్యములు లోకమును తమవైపు త్రిప్పుకొన జూచుచున్న కాలము. స్నేహమునకు వెనుక లెక్కయు ఉండెను. కాని పుచ్చుకొనినవాడు దానితో ఏమి చేసెనన్నది, ఇచ్చినవాని లెక్కకు లొంగని సంగతి.

ఈ ఏర్పాటు మన తెలుగు గడ్డపై మొదట ఫలించినది వాల్తేరు ఒడ్డున. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర శాఖను నడిపిన మహాదేవన్ గారు పూర్వము హైదరాబాదు రాజ్యపు భూగర్భ శాఖలో పనిచేసినవారు, బొగ్గుపై ఎక్స్-కిరణముల పరిశోధన చేసినవారు. 1952లో అమెరికా నుండి లాఫండ్ అను సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైటు ఆచార్యుడుగా ఆయన చెంతకు వచ్చెను. బంగాళాఖాతపు నీటి ఉష్ణోగ్రతలను, ప్రవాహములను కొలుచుట మన విద్యార్థులు ఆయనతో కలిసి నేర్చిరి. ఆయన మన సముద్రమును మన విద్యార్థులతో గూడి నేర్చుకొనెను. ఇది రెండు త్రోవల ప్రయాణము.

ఇక 1954లో పోయినవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. 1928లో ఒంగోలులో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున తెలుగు ఆనర్సు చదివి, అచ్చటనే ఉపన్యాసకులైరి. ఫుల్‌బ్రైటు, రాక్‌ఫెల్లరు వేతనముల తోడ్పాటుతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చేరి, 1955లో ఎం.ఏ., 1957లో డాక్టరేటు పొందిరి. పరిశోధన విషయము తెలుగు ధాతువులు! అప్పుడు మన ఊళ్ళలో చాల మంది నవ్వియే యుందురు. తెలుగు క్రియలు నేర్చుకొనుటకు అమెరికా పోవలెనా యని.

నవ్వదగిన ప్రశ్నయే, కాని దానికి సమాధానము కలదు. తెలుగు సంస్కృత జన్యము గాదని ఎల్లిసు దొర 1816లోనే చూపెను. ద్రావిడ భాషలకు తులనాత్మక వ్యాకరణమును కాల్డ్వెల్ 1856లో వ్రాసెను. కాని అక్షరములు లేని అడవి సోదర భాషల సామగ్రి అప్పటికి కొఱత. ఆ సామగ్రిని ప్రోగు చేసినవారిలో అగ్రగణ్యుడు కాలిఫోర్నియాలోని మరీ ఎమెనో. ఆయన 1935 నుండి మూడేండ్లు మన దేశమున తిరిగి తొద, కోత, కొడగు భాషలను విని వ్రాసికొనెను. మన గోదావరి ఆవలి ఒడ్డున, ఆదిలాబాదు అడవులలో వినవచ్చు కొలామీ భాషపై ఆయన గ్రంథము 1955లో వెలువడెను. ఆయనయు, ఆక్స్‌ఫర్డులో బర్రోయు కలిసి కూర్చుచున్న ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961 వరకు అచ్చు కాలేదు. అనగా మన భాషకు తోబుట్టువులైన భాషల మాటలు ఆనాడు పోగుపడి యున్నది మన ఊళ్ళలో గాదు, ఆ పండితుల చీటీలలో. కృష్ణమూర్తి గారు ఎమెనో మార్గదర్శనమున పనిచేసిరి. మన మాటను వెదకుకొనుచు మనవాడు అంత దూరము పోవలసి వచ్చినది.

ఆ పరిశోధనలో తేలిన దానికి ఒక ఉదాహరణము చెప్పుదును. మనము రోలు అందుము. తమిళులు ఉరల్ అందురు. వారిది మరం, మన ప్రాచీనులది మ్రాను. వారిది ఎళు, మనది లేచు. వినుటకు సంబంధము లేనట్లే తోచును. కాని వరుసగ పెట్టి చూచిన, తమిళమున మాటకు మొదట నున్న అచ్చు తెలుగున లోనికి జరిగి, దాని వెనుక నున్న హల్లు ముందునకు వచ్చినదని తెలియును. పూర్వులు దీనిని కొంత గమనింపకపోలేదు. ఏ ధ్వనులు, ఏ స్థితిలో, ఏ క్రమమున ఇట్లు తారుమారైనవో వందల ధాతువులను పరీక్షించి నియమబద్ధముగ నిరూపించినది ఈ పరిశోధన. 'తెలుగు వెర్బల్ బేసెస్' అను ఆంగ్ల గ్రంథముగ 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము దానిని ప్రకటించెను. మన ఇంటి వసారాలోని రోలు లోకపు భాషాశాస్త్రములో ఒక సాక్ష్యమై నిలిచెను.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఏ వేతనము లేకయే, సముద్రము దాటకయే, పర్లాకిమిడి కొండలలో సవర భాషను నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. విదేశయానమే పాండిత్యమునకు మూలమనుట తప్పు. యానము కొందఱికి పనిముట్టు నిచ్చును. ఆ పనిముట్టుతో ఇంటికి వచ్చి ఏమి త్రవ్విరన్నదే చూడవలసినది.

కృష్ణమూర్తి గారు త్రవ్విన చోటులు రెండు చెప్పుదును. మొదటిది, కొండదొరలు మాటలాడు కూబి భాష. దానిని వారి నోట విని వ్రాసిన సమగ్ర గ్రంథము 1969లో వచ్చినది. రెండవది నాకు ఇంకను ప్రియమైనది, మాండలిక వృత్తిపదకోశము. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమీ దాని మొదటి సంపుటమును వ్యవసాయ పదములతో 1962లోను, రెండవ దానిని చేనేత పదములతో 1971లోను ప్రకటించెను. నాగలిలోని ఒక్కొక్క భాగమును ఏ జిల్లా రైతు ఏమని పిలుచునో అడిగి, విని, పక్కపక్కన పెట్టిన గ్రంథమది. అమెరికాలో నేర్చిన పద్ధతిని తెచ్చి దుక్కి దున్నువాని ముందు కూర్చుండిన పని. 1962లోనే ఉస్మానియాకు వచ్చి భాషాశాస్త్ర శాఖను నెలకొల్పిరి, 1986 నుండి 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. 'ద్రవిడియన్ లాంగ్వేజెస్' అను మహాగ్రంథమును 2003లో కేంబ్రిడ్జి ప్రకటించెను. 2012లో వారు గతించిరి.

ఆ తరువాతి సంగతులు క్లుప్తముగ. 1959లో ఆక్స్‌ఫర్డున సమావేశమైన కామన్వెల్తు దేశములు తమలో తాము ఇచ్చుకొను విద్యార్థి వేతనములను నిర్ణయించినవి. 2008లో ఫుల్‌బ్రైటు ఒప్పందము మరల వ్రాయబడి, వ్యయములో మన ప్రభుత్వము సమాన భాగస్వామియై, నెహ్రూ గారి పేరు దానికి చేరినది. ఇచ్చటి విశ్వవిద్యాలయమున పిహెచ్.డి.కి నమోదైన విద్యార్థి ఆరు నుండి తొమ్మిది మాసములు అచ్చటి పరిశోధనాలయమున గడపి వచ్చుటకు ఆ పేరుతో ప్రత్యేక వేతన మేర్పడినది. దానిపై పోయినవారు స్వదేశమునకు తిరిగి వచ్చి రెండేండ్లు నివసించినగాని అచ్చట స్థిరపడుటకు అనుమతి పొందరాదు. ఈ నిబంధనను సంకెలయని విసుగుకొనువారు కలరు. ఇంజనీరింగు ముగిసిన మఱునాడే విమానమెక్కు మన దినములలో, తిరిగి వచ్చుట నియమముగ గల ఒక్క దారియైన మిగిలినందుకు నాకు సంతోషమే.

మన బొగ్గు నేలకు విదేశ విజ్ఞానము విద్యార్థుల కంటె యంత్రముల రూపముననే ఎక్కువగ వచ్చినది. 1872లో యెల్లందు వద్ద బొగ్గును గుర్తించిన విలియం కింగ్ దొర నాటి నుండి అంతే. 1983లో గోదావరిఖని ఏడవ ఇంక్లైనులో లాంగ్‌వాల్ యంత్రములు బ్రిటను నుండి దిగినవి. తరువాత ఫ్రెంచివారి బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి వచ్చెను. 2014లో మన రామగిరి మండలపు అడ్రియాలలో మఱింత పెద్ద లాంగ్‌వాల్ వచ్చెను. యంత్రముతో పాటు దాని పేర్లును వచ్చినవి. అట్లే మస్టరు ఆంగ్లము, సర్దారు, బదిలీ ఉర్దూ దారిన వచ్చినవి, బాయి మనది. ఒకే గోతిలో ఇన్ని భాషల పొరలు! తట్టా చెమ్మస్ అను మాటలో ఆ 'చెమ్మస్' ఎచ్చటిది? చేతులతో బొగ్గెత్తిన కాలము పోయినది, ఆ మాట పలుకువారు పదవీ విరమణ చేసి ఊళ్ళకు పోవుచున్నారు. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టులది. అచ్చట లోనికి దిగువాడే లేడు, కావున లోని గోడకు, కప్పుకు, చీకటికి పెట్టిన పేర్ల అవసరమును లేదు.

సెంటినరీ కాలనీలో 2010 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల యున్నది. మైనింగు చదువు పిల్లలు బస్సు దిగి పోవుచుందురు. వారిలో ఒకడు రేపు పరిశోధక విద్యార్థియై ఏ దేశమునకో వేతనముపై పోవచ్చును. లాంగ్‌వాల్ కప్పు బరువును గూర్చి లెక్కలు కట్టుకొని పోవును, అది మంచిదే. అతనితో పాటు భాషాశాస్త్రము చదువు మఱొకడు ఈ మాటల మూటతో పోవునా యని నా ఆశ.

ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు గోదావరిఖనిలో ఒక వృద్ధుని కలిసితిని. కోల్ ఫిల్లరుగ చేరి ముప్పది యేండ్లు పైబడి పనిచేసినవాడు. నా చేతిలోని కాగితమును చూచి ఏమి వ్రాయుచున్నావనెను. గని మాటలు వ్రాయుచున్నానంటిని. ఆయన కొంచెము సేపు ఊరకుండి, "గని అనేది బోర్డు మీది మాట సారు. మేము బాయికే పోయినం. రాసుకో," అనెను. ఆ పిమ్మట ఒక్కొక్కటే చెప్పదొడగెను. రెండు కాగితములు నిండినవి, మూడవది నా వద్ద లేకపోయెను.