గొలుసు రంపం: విద్యుత్తు, పెట్రోలు – ఇంధన ఎంపిక చరిత్ర

చెట్లు కోసే గొలుసు రంపాలలో పెట్రోలుతో నడిచేది పాతదనీ, విద్యుత్తుతో నడిచేది పర్యావరణ స్పృహ పెరిగిన తరువాత వచ్చిందనీ ఒక అభిప్రాయం ఉంది. యంత్ర చరిత్ర దీనిని సమర్థించదు. ఆండ్రియాస్ ష్టీల్ 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సంస్థను నెలకొల్పి తొలుత రూపొందించిన గొలుసు రంపం విద్యుత్తుతో నడిచేదే. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తురింగియాలోని డోల్మార్ కొండపై పెట్రోలు రంపాన్ని పరీక్షించాడు; ఆ కొండ పేరే ఆయన యంత్రాలకూ స్థిరపడింది. ష్టీల్ పెట్రోలు రంపం 1929లో వెలువడింది. (అమెరికన్లు దీనినే ‘గ్యాస్’ రంపం అంటారు. అది వంటగ్యాసు కాదు, గ్యాసోలిన్‌కు పొట్టిపేరు.)

1926 నాటి విద్యుత్ రంపం బరువు సుమారు 64 కిలోలు. దానిని ఇద్దరు పట్టుకోవాలి. కరెంటు తీగ ఎంత దూరం పోతే రంపం అంతే దూరం పోగలదు. అందువల్ల అది నరికి తెచ్చిన దుంగలను ముక్కలు చేయడానికే అనువైంది. అడవిలో నిలిచి ఉన్న చెట్టు దగ్గరకు రంపాన్ని చేర్చింది పెట్రోలే. ఎంపికలో మొదటి ప్రశ్న యంత్రశక్తి ఎంత అన్నది కాదు, శక్తి లభించే చోటు చెట్టుకు ఎంత దూరం అన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

పెట్రోలు రంపానికి ఇంధనం నింపే పద్ధతి దాని నిర్మాణం నుంచే వచ్చింది. రెండు స్ట్రోకుల ఇంజనులో నూనెకు వేరే తొట్టి ఉండదు. ఇంధనమే క్రాంక్‌కేసు గుండా పోతూ లోపలి భాగాలను తడుపుతుంది. అందుకే పెట్రోలులో నూనె కలపాలి. నేటి యంత్రాలలో సాధారణ నిష్పత్తి 50:1, అనగా 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. అయితే తొలినాటి ఫ్లోట్ కార్బురేటరు రంపాన్ని పక్కకు వంచితే సరిగా పనిచేసేది కాదు. 1940ల చివర డయాఫ్రం కార్బురేటరు వచ్చాకనే రంపాన్ని ఏ కోణంలోనైనా తిప్పే వీలు కలిగింది. ఆ కాలంలోనే అమెరికాలోని ఆరిగన్‌కు చెందిన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్, కలపను తొలిచే పురుగు దవడలను గమనించి కొత్త గొలుసు పంటిని రూపొందించాడు. ష్టీల్ సంస్థ 1950లో ఒక్కరే మోయగల 16 కిలోల రంపం తెచ్చింది. గొలుసుకు పూసే నూనె వేరు. అది విద్యుత్ రంపానికీ తప్పనిసరి. ఈ సంగతి కొత్తగా వాడేవారు తరచు మరచిపోతారు.

ఒక్కరి చేతికి వచ్చిన రంపం ఆ చేతినే దెబ్బతీసింది. నిరంతర కంపనం వల్ల వేళ్లలో రక్తప్రసరణ తగ్గి, చలిలో అవి తెల్లబడి మొద్దుబారే వ్యాధి అటవీ కార్మికులలో కనిపించింది. 1960లలో కంపనాన్ని తగ్గించే పిడులు, 1970ల ఆరంభంలో గొలుసును తక్షణం ఆపే బ్రేకు వచ్చాయి. బార్ కొన పైభాగం కలపకు తగిలితే రంపం మనిషి మీదికి ఎగురుతుంది. ఈ ప్రమాదం ఇంధనాన్ని బట్టి మారదు. చప్పుడు తక్కువని విద్యుత్ రంపాన్ని నిరపాయకరమనుకోవడం పొరపాటు.

తీగ రంపానికి గల పరిమితి తెలుగు నేలపై స్పష్టంగా కనిపించిన సందర్భం హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో వేలాది చెట్లు కూలి రోడ్లకు అడ్డుపడ్డాయి. కరెంటు సరఫరా రోజుల తరబడి నిలిచిపోయింది. చెట్లు పడినప్పుడే విద్యుత్తు కూడా పోతుంది. అలాంటి వేళ పనికివచ్చేది ట్యాంకులో ఇంధనం ఉన్న రంపమే. అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు పెరటి కొమ్మలు కోసుకునేవారి విషయం వేరు. నిలువ ఉంచిన మిశ్రమం నెలల్లో పాడై కార్బురేటరును మూసివేస్తుంది గనుక వారికి విద్యుత్ రంపమే మేలు.

లిథియం బ్యాటరీ ఈ చరిత్రను మళ్లీ 1926 వైపు తిప్పింది, ఈసారి తీగ లేకుండా. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టం ఆధారంగా 2024 నుంచి చిన్న పెట్రోలు ఇంజన్ల కొత్త యంత్రాలపై నిషేధం అమలులోకి వచ్చింది. 45 ఘన సెంటీమీటర్లు, అంతకు మించిన ఇంజను గల గొలుసు రంపాలు మాత్రం దాని పరిధిలోకి రాలేదు. అడవిలో పెద్ద మానులను కూల్చేవారు వాడేది ఆ రంపాలనే.