లెక్కలోకి వచ్చిన ఫుట్‌పాత్: బొంబాయి నిరాశ్రయుల గృహోద్యమం

పంతొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులు, రేవులు, రైలు మార్గాలు విస్తరించిన కొద్దీ కొంకణ తీరం నుంచి, దక్కన్ మెట్ట ప్రాంతాల నుంచి, నిజాం రాజ్యం నుంచి కూలిజనం బొంబాయి దీవికి తరలివచ్చారు. నైజాం తెలుగు ప్రాంతం నుంచి వెళ్లి మట్టిపని, రాతిపని, కట్టుబడి పని చేసిన కామాటీలు స్థిరపడ్డ పేటకు వారి పేరుమీదనే కామాటిపురా అన్న పేరు వచ్చింది. పని ఇచ్చినవారిలో కూలీకి వసతి కూడా చూపించినవారు తక్కువ. మిల్లుల చుట్టూ వెలసిన చాల్‌లలో, అంటే ఒకే వరండా వెంట ఒంటిగదులు వరసగా ఉండే అంతస్తుల భవనాలలో, కుటుంబాలు కిక్కిరిసి సర్దుకున్నాయి. ఆ గది అద్దె సైతం మోయలేక, పనిచోటికి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉండక తప్పక, కొందరు రోడ్డు పక్క ఫుట్‌పాత్‌నే కాపురం చేసుకున్నారు.

మురికివాడ నివాసికీ ఫుట్‌పాత్ నివాసికీ ఉన్న తేడా ఈ చరిత్రకు ఆయువుపట్టు. మురికివాడలో గుడిసె ఏదో ఒక ఖాళీ స్థలంలో, నలుగురి మధ్య ఉంటుంది కాబట్టి అది క్రమంగా ఒక బస్తీగా పేరు తెచ్చుకుంటుంది, అక్కడికి నాయకుడూ వస్తాడు, కుళాయీ వస్తుంది. ఫుట్‌పాత్ గుడిసె అలా కాదు. ఏ ఫ్యాక్టరీ ప్రహరీకో ఆనించిన నాలుగు కర్రలు, వాటిమీద పరిచిన గోనెపట్టాలు, ప్లాస్టిక్ షీట్లు, వాటి ముందు పొయ్యి, పొయ్యి ముందు వాహనాల రాకపోకలు: ఇదే ఆ ఇల్లు. నీళ్లు చుట్టుపక్కల వారిని అడిగి తెచ్చుకోవాలి, కాలకృత్యాలకు చీకటి పడేదాకా ఆగాలి. కూల్చివేతకు మునిసిపల్ లారీ వచ్చిన రోజున ముందు దక్కించుకోవలసినవి గిన్నెలు, బట్టలు, ఏవైనా కాగితాలుంటే ఆ కాగితాలు. ఇంతటి ఇంట్లోనూ పిల్లలు పుట్టి పెరిగి పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు ఒకే రోడ్డు మీద గడిపిన కుటుంబాలున్నాయి.

చట్టం వీరిని చూసిన తీరు వేరు. 1888 నాటి బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలోని 314వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద వెలసిన దేనినైనా ముందస్తు నోటీసు లేకుండా తొలగించే అధికారం కమిషనర్‌కు ఉంది. 1971లో మహారాష్ట్ర మురికివాడల చట్టం వచ్చింది. 1976లో ప్రభుత్వం గుడిసెలను లెక్కించి, ఆ లెక్కలో చేరినవారికి ఫొటో పాస్, అనగా కుటుంబం ఫొటోతో కూడిన గుర్తింపు కార్డు, ఇవ్వడం మొదలుపెట్టింది. ఇల్లు తీసేస్తే వేరేచోట స్థలం అడగడానికి పేదవాడికి దొరికిన మొదటి ఆధారం అదే. ఫుట్‌పాత్ గుడిసెలు మాత్రం చాలావరకు ఆ లెక్కకు వెలుపలే ఉండిపోయాయి. లెక్కలో లేని మనిషికి హక్కు ఉన్నా దానిని నిరూపించే దారి లేదు.

అయితే ఆ ఫొటో పాస్ ఉన్నవారికైనా భద్రత ఎంతో తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం పక్కన ఉన్న జనతా కాలనీని 1976 మే నెలలో, ఎమర్జెన్సీ నీడలో, నేలమట్టం చేశారు. సుమారు 70,000 మంది చీతా క్యాంప్ అనే చిత్తడి నేలకు తరలిపోవలసి వచ్చింది. ఆ కాలనీలో వడ్రంగం పని చేస్తూ నాయకుడుగా ఎదిగిన వ్యక్తి జోకిన్ అర్పుదం. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తమిళ కుటుంబంలో పుట్టి, 1960లలో బొంబాయి చేరిన ఇతడు తొలి రోజుల్లో ఆరుబయటే పడుకున్నవాడు. మునిసిపాలిటీ కాలనీలో చెత్త ఎత్తనప్పుడు పిల్లల్ని కూడగట్టి, ఒక్కొక్కరి చేత కొంత చెత్త మోయించి మునిసిపల్ కార్యాలయం ముందు పోయించాడు. 1974లో నేషనల్ స్లమ్ డ్వెల్లర్స్ ఫెడరేషన్ ఏర్పడినప్పుడు దాని వెనుక ఉన్నదీ ఇతడే. జనతా కాలనీ కోసం కోర్టులకు ఎక్కారు, ఊరేగింపులు తీశారు, ఢిల్లీ దాకా వెళ్లారు. చివరికి కాలనీ పోయింది. ఎదిరింపు ఒక్కటే చాలదన్న ఎరుక ఆ ఓటమి నుంచే ఇతనికి కలిగిందని చెప్పవచ్చు.

1981 జూలై 13న ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ఫుట్‌పాత్ నివాసులందరినీ ఖాళీ చేయించి వారి వారి స్వస్థలాలకు పంపిస్తామని ప్రకటించాడు. నడి వానాకాలంలో గుడిసెలు కూల్చి, మనుషుల్ని బస్సుల్లోకి ఎక్కించారు. అప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఒకడు తమిళనాడులోని సేలం ప్రాంతానికి చెందిన, భూమి లేని వ్యవసాయ కూలీ. కరువుకు పని పోయి 1961లో బొంబాయి చేరాడు. రసాయనాల కంపెనీలో రోజుకు 23 రూపాయల కూలికి కుదిరాడు. పశ్చిమ ఎక్స్‌ప్రెస్ హైవే పక్క ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కప్పిన గుడిసె కోసం ఒక దాదాకు 2,500 రూపాయలు ముట్టజెప్పాడు. జూలై 23న అతని గుడిసె కూల్చి, భార్యాబిడ్డలతో సహా సేలం బస్సు ఎక్కించారు. భార్యనూ కూతుళ్లనూ అక్కడే విడిచి, పని కోసం అతడు మళ్లీ బొంబాయికే వచ్చాడు. ఊళ్లో పని ఉంటే అతడు రోడ్డు పక్కన ఎందుకుంటాడన్న ప్రశ్నకు ఈ ఒక్క ప్రయాణమే సమాధానం. పాలమూరు వలస కూలీల బతుకు తెలిసిన తెలుగు పాఠకులకు దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

పత్రికా రచయిత్రి ఓల్గా టెలిస్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నేతృత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1985 జూలై 10న తీర్పు చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉందని, బతుకుతెరువును తెంచడమంటే బతుకును తెంచడమేనని కోర్టు స్పష్టం చేసింది. అదే కలంతో 314వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని, ఫుట్‌పాత్ మీద నివసించే హక్కు ఎవరికీ లేదని కూడా రాసింది. 1976 లెక్కలో చేరినవారికి మాలవణీలోనో మరోచోటో స్థలం చూపమంది గానీ ఫుట్‌పాత్ నివాసుల విషయంలో తొలగింపుకు దానిని ముందస్తు షరతుగా పెట్టలేదు. వానలు వెలిసి అక్టోబర్ 31 దాటేవరకు మాత్రం ఎవరినీ కదిలించవద్దన్నది. న్యాయశాస్త్ర తరగతుల్లో ఈ తీర్పు గొప్పదిగా పాఠం చెబుతారు, గొప్పదే. కానీ ఫుట్‌పాత్ మీది ఆడమనిషికి దానివల్ల చేతికి అందింది కొద్ది నెలల గడువు.

ఆ గడువులో జరిగిన పనే ఉద్యమ చరిత్రలో అసలు మలుపు. నాగ్‌పాడా ప్రాంతపు సంక్షేమ కేంద్రంలో పనిచేసి, ఆ పద్ధతితో విసిగి బయటికి వచ్చిన షీలా పటేల్ తదితరులు 1984లో స్పార్క్ అనే సంస్థను నెలకొల్పి, బైకల్లాలో ఒక మునిసిపల్ దవాఖానా ఆవరణలోని గ్యారేజీలో కార్యాలయం తెరిచారు. సంస్థ తలుపులు ఫుట్‌పాత్ స్త్రీలకు ఎప్పుడూ తెరిచే ఉండేవి. తీర్పు దరిమిలా భయంతో ఉన్న ఆ స్త్రీలతో కలిసి వీరు చేపట్టింది లెక్క. మునిసిపల్ ఈ-వార్డులోనూ ప్రధాన రహదారుల వెంటా సుమారు 6,000 కుటుంబాలను ఇంటింటికీ వెళ్లి ప్రశ్నించి, ఎప్పుడు వచ్చారు, ఏ ఊరు, ఎందుకు వదిలారు, ఏం పని చేస్తారు, ఎంత సంపాదిస్తారు అన్న వివరాలు రాసుకున్నారు. ‘వి, ది ఇన్విజిబుల్’ అన్న పేరుతో 1985లోనే అది అచ్చయింది. ఫుట్‌పాత్ నివాసులు నిన్న మొన్న దిగినవారు, పనీపాటా లేనివారు, నేరగాళ్లు అన్న నగర ప్రజల నమ్మకాన్ని ఆ నివేదిక తుడిచిపెట్టింది. వారిలో చాలామంది దేశంలోని మిక్కిలి పేద జిల్లాల నుంచి కరువుకూ భూమి లేమికీ తాళలేక వచ్చి, దశాబ్దాలుగా నగరానికి చౌకగా చాకిరీ చేస్తున్నవారని అంకెలతో చూపించింది. ఆ లెక్క విలువ నివేదికలో కన్నా అది తీసిన పద్ధతిలో ఎక్కువ ఉంది: ప్రభుత్వం తమను లెక్కించలేదని కూర్చోకుండా, తమను తాము లెక్కించుకోవచ్చునని ఆ స్త్రీలు నేర్చుకున్నారు.

1986లో బైకల్లా ఫుట్‌పాత్‌ల మీది స్త్రీలు మహిళా మిలన్ అనే సంఘంగా ఏర్పడ్డారు. చదువు రాని స్త్రీలు రోజూ గుడిసె గుడిసెకూ తిరిగి, రూపాయో రెండు రూపాయలో, ఎంత ఉంటే అంత పొదుపు సొమ్ము వసూలు చేసేవారు. ఆ డబ్బు మందులకు, తిండిగింజలకు, చిన్న వ్యాపారానికి చేబదులుగా తిరిగేది. కానీ దాని అసలు ప్రయోజనం అప్పు కాదు. రోజూ గుమ్మం ముందు నిలబడే మనిషికి ఆ ఇంట్లో ఎవరు జబ్బుపడ్డారో, ఎవరి మొగుడు తాగి కొడుతున్నాడో, ఏ రోడ్డుకు కూల్చివేత కబురు వచ్చిందో తెలిసిపోతుంది. సంఘానికి కావలసిన సమాచారమంతా ఆ నడకలోనే పోగయ్యేది. చిరునామా లేదని రేషన్ కార్డు నిరాకరించిన కార్యాలయాల చుట్టూ స్త్రీలు గుంపుగా తిరిగి కార్డులు సాధించుకున్నారు. కూల్చివేత సిబ్బంది వచ్చినప్పుడు తగాదా పడకుండా తమ గుడిసె తామే విప్పుకుంటామని బేరమాడి, కర్రలూ గిన్నెలూ లారీ పాలు కాకుండా కాపాడుకున్నారు. ఇది లొంగుబాటు అని విమర్శించినవారున్నారు. లారీకి ఎక్కిన సామాను మళ్లీ కొనడానికి ఎన్ని నెలల కూలి పడుతుందో ఎరిగినవారు ఆ మాట అనలేరు.

ఇల్లు ఎలా ఉండాలన్న ఆలోచన కూడా వారి మధ్యనే పుట్టింది. ఇంజనీరు గీసిన పటం వారికి అర్థం కాదు గనుక గుడ్డతో, కర్రతో నిలువెత్తు నమూనా ఇల్లు కట్టి, అందులో నడిచి, పడుకుని, వంట చేస్తున్నట్టు కూర్చుని చూశారు. దాదాపు 180 చదరపు అడుగుల గదిలోనే పైకప్పును 14 అడుగుల ఎత్తుకు లేపితే మధ్యలో అటక వేసుకుని పిల్లల్ని పైన పడుకోబెట్టవచ్చునన్న రూపం ఆ ప్రదర్శనల్లోనే తేలింది. మరుగుదొడ్డి ఇంటి లోపల వద్దు, నాలుగు కుటుంబాలకు కలిపి ఒకటి ఉంటే చాలు, మిగిలిన జాగా వంటకు దక్కుతుందని వారు అన్నప్పుడు వాస్తుశిల్పులు ఆశ్చర్యపోయారట. అది కూడా అనుభవం నేర్పిన లెక్కే.

ఇదే కాలంలో మరో మార్గం కూడా నడిచింది. 1981 కూల్చివేతల తర్వాత పుట్టిన నివారా హక్ సురక్షా సమితి బహిరంగ పోరాటాన్నే నమ్ముకుంది. నారిమన్ పాయింట్ సమీపంలోని సంజయ్ గాంధీ నగర్‌ను 1986లో కూల్చినప్పుడు ‘బాంబే అవర్ సిటీ’ చిత్ర దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్, నటి షబానా ఆజ్మీ తదితరులు నిర్వాసితులతో కలిసి నిరాహార దీక్షకు కూర్చోగా, ప్రభుత్వం దిగివచ్చి గోరేగావ్ ప్రాంతపు దిండోషీలో స్థలం ఇచ్చింది. ఈ రెండు మార్గాల వాదులూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కానీ వీధిలో అరుపు లేనిదే అధికారి బల్ల ముందు కుర్చీ దొరకదు, లెక్కా పత్రం లేనిదే ఆ కుర్చీలో కూర్చుని అడగడానికి ఏమీ ఉండదు; బొంబాయి చరిత్ర చూస్తే రెండూ కావలసివచ్చాయనే తేలుతుంది.

1995 నాటి మురికివాడల పునరావాస పథకంలో ఫుట్‌పాత్ నివాసులను కూడా మొదటిసారిగా అర్హులుగా చేర్చారు. 1995 జనవరి 1 నాటి ఓటర్ల జాబితాలో పేరుండాలన్నది షరతు. తరువాత రైలు పట్టాల వెంట ఉన్న సుమారు 20,000 కుటుంబాల తరలింపులో జోకిన్ స్లమ్ డ్వెల్లర్స్ ఫెడరేషన్, మహిళా మిలన్, స్పార్క్ కలిసి లెక్కలు తీసి, సంఘాలు కట్టి, తరలింపును దగ్గరుండి నడిపించాయి. నగరపు మాన్‌ఖుర్డ్ ప్రాంతంలో ఫుట్‌పాత్ కుటుంబాల కోసం మిలన్ నగర్ లేచింది. 1980లలో గుడ్డతో ఇల్లు కట్టి చూసిన స్త్రీలలో కొందరు 2000 తర్వాతనే నిజమైన గుమ్మం దాటారు; పొదుపు మొదలుపెట్టిన కొందరు ఆ రోజు చూడకుండానే పోయారు. మాన్‌ఖుర్డ్ నుంచి బైకల్లాకు పాచిపనికి వెళ్లాలంటే రైలు టికెట్టు కావాలి, రెండు పూటలా గంటల ప్రయాణం కావాలి. కటాఫ్ తేదీ తర్వాత వచ్చినవారికి ఆ పథకంలో ఏ భాగమూ దక్కలేదు. ఈ కొరతలను దాచిపెట్టి ఈ ఉద్యమాన్ని పొగడడం ఉద్యమానికే అన్యాయం. అయినా బైకల్లా పద్ధతి దక్షిణాఫ్రికాకు పాకి అక్కడ నిరాశ్రయుల సమాఖ్యకు బీజం వేసింది. 1996లో అనేక దేశాల పేదల సంఘాలు కలిసి ఒక అంతర్జాతీయ వేదికగా ఏర్పడ్డాయి. జోకిన్‌కు 2000లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. 2018లో ఆయన కన్నుమూశాడు.

తెలుగు నేలకు ఈ చరిత్రతో మరో దారిలో సంబంధం ఉంది. ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2010లో పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం చొప్పున ఏర్పాటు చేయాలని ఆదేశించడంతో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలపైనా ఆ బాధ్యత పడింది. ఎన్ని ఆశ్రయాలు కావాలో తేల్చేది మళ్లీ లెక్కే. 2011 జనగణనలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కపూటలో లెక్కించి, దేశం మొత్తంలో సుమారు 17.7 లక్షల మంది అన్నారు. ఆ రాత్రి ఫ్లైఓవర్ కిందో, ఆసుపత్రి వరండాలోనో, అడ్డా పక్క దుకాణం అరుగు మీదో పడుకున్న ఎందరు ఆ అంకెలోకి ఎక్కలేదో ఊహించవలసిందే. 2027 జనగణనకు ఇప్పుడు ఏర్పాట్లు జరుగుతున్నాయి. మన నగరాల్లో ఇల్లు లేనివారి రాత్రి లెక్కకు వెళ్లే బృందాల్లో ఫుట్‌పాత్ మీద పడుకునేవారిని, వారి మధ్య పనిచేసే సంఘాల కార్యకర్తలను కూడా చేర్చాలని మునిసిపల్ అధికారులను, జనగణన డైరెక్టరేట్లను పౌరులు ఇప్పటినుంచే అడగాలి.