తూర్పు సముద్రము – తుపానులు – నావికులు

సముద్రయానము చేయువానికి గాలియే వాహనము, గాలియే మృత్యువు. తెఱచాపను నింపి యొడ్డు చేర్చునదియు నదియే. కొయ్యను విఱిచి ముంచునదియు నదియే. దాని రాకను ముందుగా నెఱుగుటకు మానవుడు చేసిన ప్రయత్నచరిత్రలో తూర్పు సముద్రమునకును, దాని యొడ్డుననున్న ఆంధ్రదేశమునకును ప్రత్యేకస్థానము గలదు.

నావికుడు మొదట తెలిసికొన్నది ఋతుక్రమము. వేసవి ముగియగనే నైరృతి గాలియు, శరత్తు గడచునప్పటికి ఈశాన్యపు గాలియు వీచును. క్రీ. శ. మొదటి శతాబ్దిలో గ్రీకుభాషయందు వెలసిన 'పెరిప్లస్' అను నౌకాయాన గ్రంథము, ఈజిప్టునుండి మన దేశమునకు వచ్చు ఓడలు జూలై మాసమున బయలుదేరవలెనని చెప్పుచున్నది. మసలియా యను పేర మన తీరమును, అచట నేయబడు సన్నని వస్త్రములను గూడ పేర్కొనుచున్నది. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడబొమ్మ గలదు. ఆనాటి ఆంధ్రులకు సముద్రము కొత్తది గాదు.

అయినను ఋతువు తెలిసినంతమాత్రమున తుపాను తెలియదు. ఏప్రిల్, మే మాసములందును, మఱింత తీవ్రముగా అక్టోబరు, నవంబరు మాసములందును బంగాళాఖాతమున వాయుగుండము లేర్పడును. వానికి చిక్కిన ఓడ యొడ్డునకు కొట్టుకొనివచ్చినచో, అందలి బంగారము, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును ఆ తీరపు రాజులు స్వాధీనము చేసికొనెడివారు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించి ఈ యాచారమును మాన్పెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రమున సాహసించు వర్తకులయెడ దయదలచి, ముప్పదింట నొకవంతు సుంకము మాత్రమే గైకొని, తక్కినదంతయు వారికే విడిచిపెట్టెను. 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డియు నదే రేవున వర్తకులకు అభయమొసగెను. ఇది గొప్ప ధర్మము. కాని శాసనము సరకును కాపాడగలిగినదే గాని ప్రాణమును కాపాడలేదు. దానికి శాస్త్రము కావలసివచ్చెను.

ఆ శాస్త్రమునకు మన కోరంగియు నొక పాఠశాల యయ్యెను. ఓడల నిర్మాణమునకు పేరొందిన యా రేవును 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను ఉప్పెనలు ముంచివేసెను. పూర్వవైభవము మఱల రాలేదు. కలకత్తాయందుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఏ గంటకు ఏ దిక్కునుండి గాలి వీచినదో పోల్చిచూచి, తుపాను సుడితిరుగుచు ముందుకు నడచునని వివరించెను. చుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకుపదమునుండి 'సైక్లోన్' అను పేరు కల్పించెను. 1848లో నావికులకై గ్రంథము రచించెను. మన యర్ధగోళమున తుపానుగాలి గడియారపు ముల్లునకు విరుద్ధదిశలో తిరుగును గనుక, గాలికి ఎదురుగా నిలిచినవాని కుడివైపున తుపాను కేంద్రముండును. ఈ చిన్నసూత్రము తెలిసిన నావికుడు మృత్యుముఖమునుండి ఓడను మరల్చుకొనగలడు.

1864లో అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును తుపానులు పాడుచేసెను. బందరులో సుమారు 30,000 మంది మరణించిరి. మఱుసటి యేడే కలకత్తా రేవునకు ముందుహెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణశాఖ వెలసెను. తంతివార్త గాలికంటె వేగముగా పరుగెత్త నేర్చెను. రేవులలో పగలు గుర్తులు, రాత్రి దీపములు ఎగురవేసి నావికులను హెచ్చరించు పద్ధతి స్థిరపడెను. 1970లో విశాఖపట్నమున తుపానులను కనిపెట్టు రాడారు నెలకొల్పబడెను.

అయినను 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. రేవున ఎగిరిన గుర్తు దీవిలోని గుడిసెకు కనబడనిచో దాని ఫలమేమి? ఆ దుఃఖమునుండి తుపాను రక్షణగృహములు, ప్రజలను ముందుగా తరలించు పద్ధతి బలపడినవి. సముద్రములేని హైదరాబాదునందు 1999లో స్థాపింపబడిన మహాసముద్ర సమాచార కేంద్రము, అలల యెత్తును, గాలివేగమును నావికులకును మత్స్యకారులకును ముందుగా తెలుపుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆస్తినష్టము అపారమయ్యెను. ఆంధ్రదేశమున మృతులసంఖ్య మాత్రము వేలనుండి పదులకు దిగెను.

గాలి యానాడెట్లున్నదో యీనాడును అట్లేయున్నది. మారినది మానవుని యెఱుక. ఒక యోడలో వ్రాసికొన్న లెక్క మఱియొక యోడను రక్షించినది. తెలిసినదానిని వ్రాసియుంచుటయు, వ్రాసినదానిని అవసరమైనవానికి సకాలమున చేర్చుటయు – ఈ రెండును గలసినప్పుడే విద్య ప్రాణరక్షకమగును.