విశాఖ తీరపు చేపలు: సముద్ర జీవవైవిధ్య సమాచారం – నైతిక బాధ్యత

సముద్ర జీవవైవిధ్య సమాచారాన్ని పంచుకోవడంలోని నైతిక సమస్యలు కంప్యూటర్ యుగంలో పుట్టినవి కావు. తెలుగు తీరంలో అవి పద్ధెనిమిదో శతాబ్దం నాటికే ఉన్నాయి. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ (1727–1805) 1780లలో విశాఖపట్నంలో నివసించాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమితుడయ్యాడు. ఆయన అక్కడ సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి.

ఈ గ్రంథంలో చేపల స్థానిక నామాలు నమోదయ్యాయి. ఆ చిత్రాలను ఆధారం చేసుకొని క్యూవియే వంటి ఐరోపా శాస్త్రజ్ఞులు కొత్త జాతులను ప్రతిపాదించారు. రస్సెల్ నమోదు చేసిన 'గువోరకా' అనే పేరు పొమాడాసిస్ గువోరకా అనే శాస్త్రనామంలో నేటికీ నిలిచి ఉంది. రస్సెల్ పేరు సైతం లుట్జానస్ రస్సెల్లి అనే చేపకు దక్కింది. కాని వల వేసినవారికి, చేపను గుర్తించి పేరు చెప్పినవారికి ఇటువంటి స్మరణ దక్కలేదు. వారి మాట శాస్త్రంలోకి వెళ్ళింది. వారు మాత్రం తీరంలోనే మిగిలిపోయారు.

ఈ అసమానతకు చట్టం చాలా ఆలస్యంగా స్పందించింది. 1992 నాటి జీవవైవిధ్య ఒడంబడిక జీవవనరులపై ఆయా దేశాల సార్వభౌమాధికారాన్ని గుర్తించింది. భారతదేశం 2002లో చేసిన జీవవైవిధ్య చట్టం వనరులతో పాటు వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానాన్ని కూడా పరిగణనలోకి తీసుకొని, ప్రయోజనాల న్యాయమైన పంపిణీని కోరింది.

నేడు సముద్రజీవుల నమోదులు 'ఓబిస్' వంటి అంతర్జాతీయ భాండాగారాల ద్వారా అందరికీ అందుబాటులో ఉన్నాయి. వలసమార్గాల అధ్యయనానికి, సంరక్షణకు ఈ బహిరంగత అవసరం. అయితే అరుదైన జీవి ఉన్న చోటును అక్షాంశ రేఖాంశాలతో ప్రకటిస్తే, ఆ వివరం పరిశోధకునితో పాటు వేటగానికీ దారి చూపుతుంది. అందుకే 'డార్విన్ కోర్' అనే నమోదు ప్రమాణంలో స్థానిక నామానికి, నమోదు చేసినవారి పేరుకు, గోప్యంగా ఉంచిన సమాచారపు సూచనకు వేర్వేరు గడులు ఏర్పరచారు.

గడులు ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు. వాటిని ఎవరి పేరుతో, ఎవరి సమ్మతితో నింపుతున్నారన్నదే ప్రధానం. రస్సెల్ స్థలాన్నీ స్థానిక నామాలనూ నమోదు చేసినందువల్లనే ఆ జ్ఞానం విశాఖ తీరానిదని ఈనాడు చెప్పగలుగుతున్నాం. సమాచారాన్ని దాచడం నైతికత కాదు. దాని మూలాన్ని చెరపకుండా పంచుకోవడమే నైతికత.