పదకొండు నెలల అగ్రిమెంటు కథ

ఫ్లాటు కొని అద్దెకిచ్చిన మన ఐటీ జనాల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట: "అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయించా, ఇంక భయం లేదు". ఈ పదకొండు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే ఆ ధైర్యం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుని రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని జనం పదకొండు నెలల దగ్గర ఆగారు. అంతే! గడువు అయిపోగానే అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తారని ఆ సెక్షన్ ఎక్కడా హామీ ఇవ్వలేదు.

మరి ఓనర్లకి ఇంత భయం ఎందుకు పట్టుకుంది? దీనికి బొంబాయి కథ తెలియాలి. 1947లో అక్కడ చేసిన అద్దె చట్టం, పాత ఇళ్ళ అద్దెల్ని 1940 సెప్టెంబరు 1 నాటి లెక్క దగ్గర కట్టేసింది. నగరానికి జనం పోటెత్తుతున్న రోజులవి, కాబట్టి అప్పటికి అది అవసరమే. కానీ కొన్నాళ్ళకని తెచ్చిన చట్టం పొడిగింపుల మీద పొడిగింపులతో అర్ధశతాబ్దం నడిచింది. ఆ అద్దెలతో ఏ ఓనరు మాత్రం ఇల్లు బాగుచేయిస్తాడు? భవనాలు శిథిలమై, చివరికి 1969లో మరమ్మతుల బోర్డు కోసం ప్రభుత్వమే విడిగా చట్టం చేయాల్సొచ్చింది. అద్దెల్ని అలా బిగించి ఉంచడం సమంజసం కాదని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. 2000 మార్చి 31న అమల్లోకొచ్చిన కొత్త చట్టం ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది.

మన దగ్గర కథ ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం, 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్ళని అద్దె నియంత్రణ నుంచి వదిలేసింది. కట్టేవాళ్ళు వెనకాడకూడదని కాబోలు. బానే ఉంది గానీ, దానికి గడువే పెట్టలేదు. పాతికేళ్ళ ఇల్లు కూడా కొత్తదే! 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసింది. అదే డిసెంబరులో ప్రభుత్వం, కట్టిన పదేళ్ళ వరకే మినహాయింపని జీవో ఇచ్చింది.

నాకర్థమైందేంటంటే, రెండుచోట్లా తప్పు చట్టం తేవడంలో లేదు, కాలంతో పాటు దాన్ని మార్చకపోవడంలో ఉంది. మన అగ్రిమెంట్లదీ అదే జబ్బు. పాత కాగితంలో పేర్లూ తేదీలూ మార్చి సంతకాలు పెట్టేస్తాం.

అందుకని ఓనర్లకి నా సలహాలు కొన్ని. మంచివాళ్ళు దొరికి రెండు మూడేళ్ళు ఉంటామంటే, ఆ కాలానికే రాసి రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే అందులోని షరతులు కోర్టులో నిలబడవు. ఏటా అద్దె ఎంత పెరుగుతుందో, నోటీసు ఎన్నాళ్ళో, మోటారు కాలిపోతే ఖర్చెవరిదో రాసుకోండి. పుణెలోనో ముంబైలోనో ఫ్లాటుంటే పదకొండు నెలల చిట్కా అసలు పనికిరాదు. 1999 మహారాష్ట్ర చట్టం ప్రకారం ఎన్ని నెలలకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ బాధ్యతా ఓనరుదే. అడ్వాన్సు విషయానికొస్తే, కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం నివాసాలకి రెండు నెలల అద్దె దాటొద్దంది. రాష్ట్రం చట్టం చేస్తే తప్ప అది వర్తించదు గానీ, కొలతగా పెట్టుకోడానికి మంచిదే.

మనలో చాలామంది ఒక ఊళ్ళో ఓనర్లు, ఇంకో ఊళ్ళో అద్దెకుండేవాళ్ళు. మీ ఓనరు ఇస్తే మీరు సంతకం పెట్టని షరతు, మీ ఇంట్లో ఉన్నవాళ్ళ కాగితంలో ఉందేమో ఓసారి చూడండి.